ఇంగ్లీషు జాతీయాలు – 9వ పాఠం: ఇన్ ఎ నట్‌షెల్

గత పాఠంలో 'పీస్ ఆఫ్ కేక్' చూశాము; ఈసారి కాయ పెంకు సంగతి. 'నట్' అనగానే మన అనంతపురం వాళ్లకు వేరుశనగే, అంటే మన బుడ్డలే, కళ్లముందు మెదులుతాయి గానీ, వృక్షశాస్త్రం లెక్కలో వేరుశనగ చిక్కుడు కుటుంబానికి చెందినది. ఇక్కడి పెంకును అక్రోటు పెంకుగా ఊహించుకోవడం మేలు.

'ఒక్క ముక్కలో చెప్పాలంటే' అన్నది దీని అర్థం. క్రీస్తుశకం 1వ శతాబ్దికి చెందిన రోమన్ రచయిత ప్లినీ, గ్రీకు కవి హోమర్ కావ్యమైన ఇలియడ్‌ను తోలుకాగితం మీద రాసి ఒక కాయ పెంకులో ఇమిడ్చారని రోమన్ వక్త సిసిరో చెప్పినట్లు పేర్కొన్నాడు. 24 సర్గలు, 15 వేలకు పైగా పాదాలు గల కావ్యమది! నమ్మడం, నమ్మకపోవడం అటుంచితే, కావ్యంలో కొంత కాక మొత్తం ఆ పెంకులో పట్టిందనడమే మనం పట్టుకోవలసిన విషయం. కొండను అద్దంలో చూపినట్లు, మాట చిన్నదైనా సారమంతా అందులో కనబడాలి.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. 'ఆయన క్లుప్తంగా మాట్లాడి కూర్చున్నారు' అన్నప్పుడు మనం చెప్పేది కాలం గురించి. అక్కడ 'హి స్పోక్ బ్రీఫ్‌లీ' అనాలే తప్ప నట్‌షెల్ పనికిరాదు. తెలుగులో 'క్లుప్తంగా' రెంటికీ సరిపోతుంది కాబట్టే ఈ తికమక.

రెండో చిక్కు, నడుమనున్న 'ఎ'. తెలుగులో అటువంటి మాట లేనందున నాలుక దాన్ని మింగేస్తుంది. ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న మా విద్యార్థి ఒకడు 'ఇన్ నట్‌షెల్, సార్' అని మొదలుపెట్టి, పుట్టిన ఊరు, పదో తరగతి మార్కులు, నాన్న బోరు వేయించిన కథ వరకు చెప్పుకుపోయాడు. 'ఎ' పోయినందుకు కాదు, పెంకు పగిలినందుకు నవ్వొచ్చింది. వాడు చెప్పవలసింది ఇంతే: 'ఇన్ ఎ నట్‌షెల్, ఐ యామ్ ఎ ఫార్మర్స్ సన్ హు లెర్న్‌డ్ కంప్యూటర్స్.'

వాక్యం మొదట పెడితే తర్వాత కామా తప్పనిసరి. 'దట్స్ ది ప్రాబ్లమ్ ఇన్ ఎ నట్‌షెల్' అని చివర పెడితే కామా అక్కరలేదు.

అభ్యాసం: జూన్‌లో ఒక వాన పడింది, రైతు వేరుశనగ విత్తాడు, ఆ తర్వాత నలభై రోజులు చినుకు లేదు, కాయ పట్టే ఊడలు నేలలో దిగలేదు, విత్తనానికి చేసిన అప్పు మిగిలింది. ఈ కథనంతటినీ 'ఇన్ ఎ నట్‌షెల్'తో మొదలయ్యే ఒకే వాక్యంలో, పది మాటలు దాటకుండా, నోట్‌బుక్‌లో రాయండి. సరిచూసుకోవడం 10వ పాఠంలో.