పెరాక్సైడ్ లోడ్ ఎత్తే ముందు: లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్‌కు దరఖాస్తు విధానం

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు లారీ, డీసీఎం, బొలెరో ట్రాలీ నడిపే చాలామందికి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉంటుంది. వడ్లు, సిమెంటు మోసినన్నాళ్ళు అది చాలు. ఒకరోజు ఫైబర్ షాపు నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, పట్నం నుంచి పది క్యాన్ల హార్డెనర్ తేవాలె, కిరాయి ఎంత?" కిరాయి చెప్పే ముందు లైసెన్సు తీసి చూసుకోవాలి. ప్రమాదకర సరుకు మోసే వాహనం నడపడానికి అనుమతి ఉన్నట్టు దాని మీద నమోదు, అంటే ఎండార్స్‌మెంట్, లేకపోతే ఆ లోడ్ మీది కాదు.

షాపువాళ్ళు హార్డెనర్ అనీ, క్యాటలిస్ట్ అనీ పిలిచేది మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్, పొట్టిగా ఎంఈకేపీ. ఫైబర్ తలుపులు, కూలర్ బాడీలు చేసేచోట రెసిన్ అనే జిగురు ద్రవం గట్టిపడటానికి నూరు కిలోలకు ఒకటి రెండు కిలోలు కలుపుతారు. చూడటానికి నీళ్ళలా ఉంటుంది. కానీ ఆర్గానిక్ పెరాక్సైడ్ల జాతి, ప్రమాదకర సరుకుల్లో 5.2 తరగతి. క్యాను మీద డైమండ్ ఆకారపు గుర్తు ఉంటుంది: పైసగం ఎరుపు, కిందిసగం పసుపు, అడుగున 5.2.

"చిన్న బండికి ఇవన్నీ ఎందుకు?" అని అడుగుతుంటారు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 9వ నియమం సరుకు రవాణా వాహనం అంటుంది తప్ప లారీ అనదు. టాటా ఏస్ కూడా సరుకు వాహనమే.

దరఖాస్తు ఎవరు, ఎలా పెట్టాలి

ముందు చేతిలో ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏదైనా ఒక భాష, దాంతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. తెలుగు ఎలాగూ ఆ షెడ్యూల్‌లో ఉంది. చిక్కు ఇంగ్లీషు దగ్గరే. 2019లో ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి నిబంధన ఎత్తేశారు కాబట్టి చదువు అడగరని కొందరు చెబుతారు. అది మామూలు లైసెన్సు సంగతి. ఇక్కడ అడుగుతారు, అడగాలి కూడా. క్యాను మీద రాసి ఉండేదంతా ఇంగ్లీషే మరి.

తర్వాత రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల శిక్షణ. గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఒక్కపూటలో సర్టిఫికెట్ చేతిలో పెడతామనే ఏజెంట్ల జోలికి పోవద్దు. మా లారీ ఆఫీసులో నేను కాగితాలు చూస్తాను. అలా తెచ్చిన సర్టిఫికెట్‌ను కౌంటర్‌లో వెనక్కి ఇచ్చేస్తే డ్రైవర్ ఐదు వేలు పోగొట్టుకొని వచ్చాడు.

సర్టిఫికెట్ వచ్చాక దరఖాస్తు తెల్లకాగితం మీదే. ఇలా రాస్తే సరిపోతుంది:

"లైసెన్సింగ్ అధికారి గారికి. నేను ఫలానా చిరునామాలో నివసిస్తున్నాను. నా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు నంబరు ఫలానా. ప్రమాదకర సరుకుల రవాణాపై మూడు రోజుల శిక్షణ పూర్తి చేసి సర్టిఫికెట్ పొందాను. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989, 9వ నియమం ప్రకారం నా లైసెన్సులో ఎండార్స్‌మెంట్ నమోదు చేయగలరని మనవి."

దీనికి ఒరిజినల్ లైసెన్సు, శిక్షణ సర్టిఫికెట్ జతచేయాలి. ఆధార్ జిరాక్సు, ఫోటోలు కూడా దగ్గర పెట్టుకుంటే రెండోసారి తిరగక్కర్లేదు. స్మార్ట్ కార్డు లైసెన్సు అయితే కొత్త కార్డు ఫీజు కట్టాలి. స్లాట్ ముందే తీసుకోండి.

మీరు నివసించే చోటు ఏ ఆఫీసు పరిధిలోకి వస్తే అక్కడే దరఖాస్తు చేయాలి. మన దగ్గర ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. పాత లైసెన్సు ఏపీ 24 అని మొదలవుతుంది కాబట్టి నల్గొండకే వెళ్ళాలనుకుంటారు. 2016లో జిల్లాలు విడిపోయాయి కదా. కోదాడ మనిషి సూర్యాపేట జిల్లాలోకి, చౌటుప్పల్ మనిషి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళారు. ఏపీ 22తో లైసెన్సు తీసుకున్న పాత పాలమూరు వాళ్ళకూ అంతే: కొత్తకోట అయితే వనపర్తి, అలంపూర్ అయితే గద్వాల. లైసెన్సు మీద పాత చిరునామా ఉంటే ముందు అది మార్పించుకోండి.

ఆ మూడు రోజుల్లో పట్టుకోవాల్సింది

శిక్షణలో డ్రైవింగ్ మెలకువలతో పాటు సరుకు భద్రత కూడా చెబుతారు. లేబుళ్ళు, యూఎన్ నంబరు (సరుకు ఏదో చెప్పే నాలుగు అంకెలు), హజ్‌కెమ్ కోడు (ప్రమాదంలో ఫైర్ వాళ్ళు ఏం చేయాలో చెప్పే గుర్తు), ట్రెమ్ కార్డు వస్తాయి. ట్రెమ్ కార్డు అంటే ఆ సరుకుతో ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి ఉండే కాగితం. లోడ్‌తో పాటు దాన్ని అడిగి తీసుకుని క్యాబిన్‌లోనే ఉంచాలి. పలుచన చేసి అమ్మే మామూలు ఎంఈకేపీకి యూఎన్ నంబరు 3105.

పెరాక్సైడ్ విషయంలో నేనైతే ముందు వేడి గురించే చెబుతాను. పెట్రోలు మండాలంటే బయటి గాలి కావాలి. పెరాక్సైడ్ తన ఆక్సిజన్‌ను తనలోనే మోసుకు తిరుగుతుంది. వేడి తగిలితే విడిపోవడం మొదలవుతుంది, విడిపోతున్నకొద్దీ ఇంకా వేడి పుట్టిస్తుంది. చాలా ఎంఈకేపీ రకాలకు ఆ అదుపుతప్పే ఉష్ణోగ్రత 60 డిగ్రీలని రాసి ఉంటుంది. "నల్గొండలో ఎంత ఎండైనా 45, 46 కదా" అంటారు. అది నీడలో కొలిచిన లెక్క. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి మూసిన బాడీలో ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది. పైగా 60 అనేది అక్కడిదాకా ఏమీ కాదని చెప్పే గీత కాదు. అంత వేడిలో వారం లోపు ప్యాకింగ్‌లోని సరుకు అదుపు తప్పుతుందని దాని అర్థం. నిల్వకు కంపెనీలు చెప్పేది 25, 30 డిగ్రీల లోపే. అందుకే ఎండాకాలం ఈ లోడ్ రాత్రిపూటే కదలాలి. నార్కట్‌పల్లి దగ్గర బండి ఎండలో పెట్టి, తిని, కునుకు తీయడం ఈ సరుకుతో కుదరదు.

ఇదే జాతిలో ఫ్రిజ్ బండిలో తప్ప కదలకూడని రకాలూ ఉన్నాయి. 2017 ఆగస్టులో అమెరికాలోని టెక్సస్‌లో హార్వీ తుపాను వరదకు క్రాస్బీ ఊరి ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. చల్లదనం తగ్గి కొన్ని ట్రెయిలర్లలోని పెరాక్సైడ్లు వాటంతటవే అంటుకున్నాయి. వాటికి అగ్గిపుల్ల గీసినవాళ్ళు ఎవరూ లేరు.

రెండోది కోబాల్ట్. ఫైబర్ షాపు ఆర్డర్‌లో రెసిన్, అది త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ యాక్సిలరేటర్, హార్డెనర్ మూడూ ఉంటాయి, ఒకే దుకాణం నుంచి వస్తాయి. హార్డెనర్, కోబాల్ట్ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలనూ వచ్చు. మా డ్రైవర్ ఒకతను శిక్షణ నుంచి వచ్చిన వారానికే, రెండు రకాల డబ్బాలు ఒకే అట్టపెట్టెలో చూసి దింపేయమన్నాడు. దుకాణంవాళ్ళు నవ్వారట. కిరాయి పోయింది, పోనీ. ఆసిడ్లు, తుప్పు పొడి, పెట్రోలు, నూనె గుడ్డలు కూడా దీని పక్కన వద్దు.

క్యాన్లు నిలువుగానే ఉండాలి. లోపలి గ్యాసు పోవడానికి మూతలకు సన్న దారి ఉంటుంది. కారుతోందని వేరే మూత బిగిస్తే క్యాను ఉబ్బుతుంది. కారినదాన్ని ఇసుకతో పీల్పించండి. లారీలో చేతికందేది కాటన్ వేస్టే, రంపపు పొట్టే, కానీ అవే అంటుకునేవి. క్యాను ఉబ్బినా, పొగ వచ్చినా దగ్గరికి వెళ్ళవద్దు, జనాన్ని దూరం పంపి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. కంట్లో చుక్క పడితే చూపు పోవచ్చు. ఆసుపత్రికి పరుగెత్తే ముందే, అక్కడికక్కడే కనీసం పదిహేను నిమిషాలు నీళ్ళతో కడగాలి. క్యాబిన్‌లో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను అందుకే. ప్రమాదం జరిగితే దగ్గరి పోలీసు స్టేషన్‌కు, ఓనరుకు చెప్పడం డ్రైవర్ బాధ్యత.

రెన్యువల్, జరిమానా

మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఐదేళ్ళు చెల్లుతుంది. ప్రమాదకర సరుకులకు మూడేళ్ళే. 2019 సవరణకు ముందు ఏడాదే ఉండేది. రెన్యువల్‌కు ఒకరోజు రిఫ్రెషర్ శిక్షణ చేయాలి. కార్డు మీద రెండు తేదీలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి పెద్ద తేదీ చూసి నిశ్చింతగా ఉండేవాళ్ళే తనిఖీలో దొరుకుతారు. ప్రమాదకర సరుకుల నియమాలు తప్పితే మొదటిసారి పది వేల జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. చిన్న తేదీకి రెండు నెలల ముందే రిఫ్రెషర్‌కు పేరు రాయించుకోండి.