బుల్లెట్ సీటింగ్ డై: కొనేముందు, బిగించేముందు చూసుకోవాల్సినవి

తూటాలు సొంతంగా నింపుకునే పనిలో బుల్లెట్‌ను, అంటే తుపాకిలోంచి దూసుకెళ్లే ముక్కను, కేసు (తూటా గొట్టం) మెడలో కూర్చోబెట్టడం దాదాపు చివరి మెట్టు. ప్రెస్ (హ్యాండిల్‌తో నొక్కే యంత్రం)కు బిగించి ఆ పని చేసే అచ్చే సీటింగ్ డై. అప్పటికే కేసులో ప్రైమర్ (మందును అంటించే చిన్న బిళ్ల) ఎక్కింది, తుపాకి మందు పోశారు. బుల్లెట్ మెడలోకి దిగిందంటే లోపల ఏముందో ఇక కంటికి కనపడదు. కాబట్టి ప్రెస్ హ్యాండిల్ దించకముందే ప్రతి కేసులోకీ లైటు వేసి మందు మట్టం చూడండి. ఒక కేసులో రెండుసార్లు పోసినా, అసలు పోయకపోయినా పట్టుకోవడానికి అదే ఆఖరి అవకాశం. లైసెన్సు, స్థానిక చట్టం అనుమతి ఉన్నాకే ఈ పనికి కూర్చోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

సీటింగ్ లోతును చాలామంది గురికి సంబంధించిన విషయంగానే చూస్తారు. నిజానికి అది ముందు పీడనానికి సంబంధించినది. 9 ఎం.ఎం. లాంటి పొట్టి కేసులో లోపలి చోటే తక్కువ. బుల్లెట్ ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగినా ఆ చోటు ఇంకా ఇరుకై పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. రైఫిల్లో మరో ప్రమాదం ఉంది. బుల్లెట్ బాగా బయటికి ఉండి బారెల్ లోపలి మెలిక గాడుల అంచుకు ఆనుకుంటే, కదలడం మొదలయ్యేటప్పుడే దానికి అడ్డు తగులుతుంది. అప్పుడూ పీడనం పెరుగుతుంది. అలా ఆనించి కూర్చోబెట్టాలనుకుంటే మందు తగ్గించి, మళ్లీ కింది నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ రావాలి.

ఇక ఎంపిక. మామూలు డైలో బుల్లెట్‌ను వేలితో పట్టుకుని మెడ మీద నిలబెడతాం. అది ఒరిగి ఉంటే ఒరిగినట్టే దిగిపోవచ్చు. ఫోర్‌స్టర్, రెడ్డింగ్ చేసే కాంపిటీషన్ తరహా డైలలో జారే స్లీవ్ ఒకటి ఉంటుంది. కేసు, బుల్లెట్ రెండూ అందులో ఒకే గీతలో నిలిచాకే స్టెమ్ (బుల్లెట్‌ను కిందికి తోసే కడ్డీ) నొక్కుతుంది. పైన ఉండే మైక్రోమీటర్ తల మీద ఒక్కో గీత 0.001 అంగుళం, అంటే 0.025 మి.మీ. ఒకే కేసుకు రెండు మూడు రకాల బుల్లెట్లు వాడేవారికి అది నిజంగా పనికొస్తుంది. అయితే సైజింగ్‌లోనే, అంటే వాడిన కేసును మళ్లీ కొలతకు నొక్కే పనిలోనే, మెడ వంకరపోయి ఉంటే, ఎంత ఖరీదైన సీటింగ్ డై అయినా దాన్ని చక్కబెట్టలేదు. ముందు ఖాళీ కేసు మెడను రనౌట్ గేజ్ (వంకర కొలిచే పరికరం) మీద తిప్పి చూడండి. తప్పు అక్కడే ఉంటే డబ్బు సైజింగ్ డై మీద పెట్టడం మేలు.

డై చేతికి రాగానే స్టెమ్ విప్పి బుల్లెట్ మీద పెట్టి చూడాలి. స్టెమ్ బుల్లెట్ మొనను తాకకూడదు. మొన కింద వంపు తిరిగే ఓజైవ్ భాగాన్ని గుండ్రంగా, చుట్టూ సమానంగా పట్టుకోవాలి. బుల్లెట్ ముక్కుకు మార్కర్ పూసి స్టెమ్‌లో నొక్కి తిప్పితే రంగు ఎక్కడ చెరిగిందో తెలుస్తుంది. వలయంలా చెరిగితే సరే. మొన దగ్గర చెరిగితే ఆ స్టెమ్ ఆ బుల్లెట్‌కు పనికిరాదు. సన్నటి పొడుగు ముక్కు ఉన్న వీఎల్‌డీ (గాలి అడ్డు బాగా తక్కువుండే) బుల్లెట్లతో ఇది తరచూ ఎదురవుతుంది. వాటి కోసం విడిగా స్టెమ్ దొరుకుతుంది.

డై అమర్చడం ఎప్పుడూ డమ్మీతోనే: ప్రైమర్ లేదు, మందు లేదు, సైజు చేసిన కేసు మాత్రమే. స్టెమ్‌ను బాగా పైకి తిప్పి ఉంచండి. కేసును షెల్ హోల్డర్ (కేసు అడుగును పట్టే గాడి)లో పెట్టి ర్యామ్ (కేసును పైకి తోసే ప్రెస్ దిమ్మ) పూర్తిగా పైకి తెచ్చి, మామూలు డైని లోపలి క్రింప్ అంచు (కేసు నోటిని బుల్లెట్ మీదికి నొక్కే అంచు) కేసు నోటికి తగిలేదాకా దించండి. అక్కడి నుంచి ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పి లాక్ రింగ్ బిగించండి. ఈ డై మరలు అంగుళానికి 14. అంటే ఒక చుట్టు సుమారు 1.8 మి.మీ. స్లీవ్ డైలకు అమరిక వేరు, తయారీదారు కాగితం చూసే చేయాలి. తర్వాత ఆ కేసు మీద బుల్లెట్ పెట్టి, స్టెమ్‌ను కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ కొలుస్తూ లక్ష్యానికి రండి. మైక్రోమీటర్‌ను కావలసిన అంకె దగ్గరికి ఎప్పుడూ పై నుంచి కిందికే తేవాలి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ దించండి, లేకపోతే మరల్లో ఉండే ఖాళీ కొలతను తప్పుదారి పట్టిస్తుంది.

మొత్తం పొడవు ఒక్కటే కొలిస్తే మోసపోతాం. హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్న) బుల్లెట్ల మొనలు ఒకే డబ్బాలో కూడా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. కంపేరేటర్ (ఓజైవ్ దగ్గర ఆనే కొలత బిళ్ల) పెట్టి కేసు అడుగు నుంచి ఓజైవ్ దాకా కొలవండి. మొత్తం పొడవు మ్యాగజైన్‌లో పడుతుందా, మాన్యువల్ పరిమితిలో ఉందా అన్నదానికే. బుల్లెట్ బ్రాండ్, లాట్ మారితే బరువు అదే అయినా అమరిక మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. పూర్తి రాగి బుల్లెట్లు అదే బరువు సీసపు బుల్లెట్ కంటే పొడుగ్గా ఉంటాయి, లోపలికి ఎక్కువ దిగుతాయి. వాటి లోడ్ డేటా (ఎంత మందు పోయాలన్న పట్టిక) వేరు.

హ్యాండిల్ దించేటప్పుడు చేతికి తెలిసే బరువును పట్టించుకోండి. పది తూటాలు మెత్తగా దిగి పదకొండోది వదులుగా జారిపోతే మెడ పట్టు లేనట్టే. అది పక్కన పెట్టాలి, లేకపోతే తుపాకిలోకి ఎక్కేటప్పుడే బుల్లెట్ వెనక్కి నెట్టుకుపోవచ్చు. మరీ గట్టిగా వస్తే కేసు నోటి లోపలి అంచు చాంఫర్ చేశారా (వాలుగా చెక్కారా) చూడండి. మందు కిక్కిరిసిన లోడ్‌తో పల్చటి కాంపిటీషన్ స్టెమ్ బుల్లెట్ మీద వలయం గుర్తు వేస్తుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. అలాంటి లోడ్లకు మామూలు డై నయం.

క్రింప్ కావాలంటే విడిగా, వేరే డైతో చేయడం మంచిది. కూర్చోబెడుతూనే క్రింప్ చేస్తే బుల్లెట్ ఇంకా కదులుతుండగానే నోరు దాన్ని కరుస్తుంది. కేసులు పొడవులో తేడాగా ఉంటే భుజం ఉబ్బి, తూటా చాంబర్లో పట్టదు. ఎక్కువ కాంపిటీషన్ సీటింగ్ డైలు అసలు క్రింప్ చేయవు.

పని మధ్యలో ప్రతి పదో తూటా కొలవండి. లోతు మెల్లగా పెరుగుతుంటే స్టెమ్ గుంటలో సీసం పొట్టు, లూబ్ (జిడ్డు) పేరుకుందన్నమాట. విప్పి తుడవాలి. బల్ల మీద ఒక్క రకం మందే ఉండాలి, కళ్లద్దాలు తీయకూడదు, దగ్గర్లో పొగ తాగకూడదు. సీసం తాకిన చేతులు కడుక్కున్నాకే తినడం, తాగడం.

బుల్లెట్ కాస్త పొడుగ్గా మిగిలితే మళ్లీ దించొచ్చు. ఎక్కువ దిగిపోతే మాత్రం పుల్లర్ (బుల్లెట్ ఊడదీసే పనిముట్టు)తో తీసి, మందు తీసేసి మళ్లీ చేయాల్సిందే. వేళ్లతోనో ప్లయర్‌తోనో లాగి సరిచేయొద్దు. అనుమానం ఉన్నవాటిని వేరే డబ్బాలో వేసి, ‘కాల్చకూడదు’ అని పెద్దక్షరాలతో రాసి పెట్టండి. డమ్మీ కేసుకు పక్కన రంధ్రం పెడితే అది ఎప్పటికీ అసలు తూటాల్లో కలవదు.