పెద్దవాళ్లకి ఈఆర్‌సీపీ చేయించే ముందు

పిత్తనాళంలో (కాలేయం నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే గొట్టం) రాయి అడ్డుపడి కామెర్లు, చలిజ్వరం వస్తే, 80 ఏళ్లు దాటాయన్న భయంతోనే వద్దనకండి. పొట్ట కోయకుండా నోటి ద్వారా గొట్టం పంపి రాయి తీయడం (ఇదే ఈఆర్‌సీపీ) ఆ వయసుకి ఆపరేషన్ కంటే తేలిక.

- రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకి అది ఇంకా ప్రమాదం, ఏది ఎన్ని రోజులు ఆపాలో గుండె డాక్టర్‌ని కూడా అడిగి తేల్చుకోవాలి.
- 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. ఆ పూట ఇన్సులిన్ ఎంతో అడగండి.
- కట్టుడు పళ్లు తీసేయాలి.
- పెద్దవాళ్లలో మత్తు వల్ల ఊపిరి, గుండె ఇబ్బందులే నాకు ఎక్కువ టెన్షన్. ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే పరీక్ష) చూశారా?
- తర్వాత కడుపునొప్పి, జ్వరం, నల్లటి విరేచనం కనిపిస్తే అర్ధరాత్రైనా తీసుకెళ్లండి. పాంక్రియాస్ వాపు, రక్తస్రావం, పేగుకి చిల్లు అలాగే బయటపడతాయి.
- పిత్తనాళంలో ప్లాస్టిక్ స్టెంట్ (సన్న గొట్టం) వేస్తే సుమారు 3 నెలల్లో తీయాలి లేదా మార్చాలి. తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి, చాలా ఇళ్లలో ఇదే మర్చిపోతారు.