మూర్తిమత్వ పరీక్షలు చదవడం ఎలా? – 4వ పాఠం: అన్నిటికీ తందాన అనేవారు

గత పాఠంలో వ్యతిరేక వాక్యాల (అంటే కొలిచే లక్షణానికి ఎదురు చెప్పే వాక్యాల) మార్కు తిప్పడం నేర్చుకున్నాం. 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) వరకు ఉండే స్కేలులో జవాబును 6లోంచి తీసేస్తే సరిపోతుంది. ఈసారి, తిప్పకముందే చూడాల్సిన అంకె ఒకటుంది.

కలుపుగోలుతనం కొలిచే నాలుగు వాక్యాలు తీసుకుందాం.

1. కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోతాను.
2. నలుగురిలో ఉంటే హుషారొస్తుంది.
3. కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు.
4. గుంపులో ఉంటే ఎప్పుడు బయటపడదామా అనిపిస్తుంది.

మొదటి వ్యక్తి జవాబులు 5, 4, 1, 2. రెండో వ్యక్తివి 5, 4, 4, 5. పరీక్షలో మొదటి రెండు వాక్యాలే ఉంటే ఇద్దరి సగటూ 4.5. ఇద్దరూ మహా కలుపుగోలు మనుషులే అనుకుంటాం! 3, 4 వాక్యాలను తిప్పి కలిపితే మొదటి వ్యక్తికి 4.5 నిలుస్తుంది, రెండో వ్యక్తికి 3 వస్తుంది.

ఇప్పుడు ఏదీ తిప్పకుండా నాలుగు జవాబుల సగటు తీయండి. మొదటి వ్యక్తికి 3, అంటే సరిగ్గా స్కేలు మధ్య. రెండో వ్యక్తికి 4.5. మధ్య నుంచి ఆ 1.5 జరగడమే తలూపే ధోరణి, అంటే వాక్యం ఏదైనా ఔననే అలవాటు. అయితే నాలుగు వాక్యాలతో ఎవరిమీదా ముద్ర వేయకండి. చదవకుండా టిక్కులు పెట్టినా ఇలాంటి అంకే రావచ్చు. రకరకాల లక్షణాలకు చెందిన ఎదురుబొదురు వాక్యాలు చాలా ఉంటేనే ఈ అంకెకు బలం.

వాక్యాలన్నీ ఒకేవైపు ఉన్న పరీక్షలో అసలు చిక్కు వేరే ఉంది. తలూపేవారు అన్నిటికీ తలూపుతారు కాబట్టి జవాబులు ఒకదానితో ఒకటి చక్కగా పొసుగుతాయి, విశ్వసనీయత (కొలత నిలకడ) పెరిగినట్టు కనిపిస్తుంది. సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం) మాత్రం దెబ్బతింటుంది. అలాంటి రెండు పరీక్షల మధ్య లేని సంబంధం కూడా పుట్టుకొస్తుంది. నియంతృత్వ ధోరణి కొలవడానికి 1950లో అడార్నో అనే పరిశోధకుడి బృందం వెలువరించిన ఎఫ్-స్కేలు మీద వచ్చిన పెద్ద విమర్శ ఇదే. ఏ వాక్యానికి ఔనన్నా ఆ ధోరణి మార్కే పెరిగేది. మనస్తత్వ శాస్త్రవేత్త క్రాన్‌బాక్ 1946లోనే ఈ రకం ముప్పు గురించి రాశాడు. అలాగని ప్రతి ఫలితాన్నీ దీని నెత్తిన రుద్దడమూ తగదు. 1965లో జాక్ బ్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎంఎంపీఐ అనే మూర్తిమత్వ పరీక్ష స్కేళ్లను రెండువైపులా సమం చేసి చూస్తే, వాటి ముఖ్య నిర్మాణం చెక్కుచెదరలేదు.

అయిదు ముఖ్య లక్షణాలను కొలిచే 2017 నాటి బిగ్ ఫైవ్ ఇన్వెంటరీ-2లో 60 వాక్యాలు, ఒక్కో లక్షణానికి 12. వాటిలో సగం వ్యతిరేకం. ఇలా సమం చేస్తే మొత్తం మార్కులో తలూపుడు చాలావరకు కొట్టుకుపోతుంది. కానీ విడివిడి వాక్యాల సహసంబంధాలు (జవాబులు ఎంత కలిసి పెరిగి తగ్గుతాయన్నది) లెక్కగడితే మళ్లీ తలెత్తుతుంది. అప్పుడు ప్రతి జవాబులోంచీ ఆ వ్యక్తి తిప్పని సగటును తీసేయాలి. రెండో వ్యక్తికి 0.5, -0.5, -0.5, 0.5 మిగులుతాయి.

వ్యతిరేక వాక్యం మీరే రాయాల్సి వస్తే “కలిసిపోతాను”లోని ‘తా’ తీసేసి “కలిసిపోను” అని వదిలేయకండి. తొందరలో చదివేవారు ఆ తేడాను గమనించరు. ఎదురు ప్రవర్తననే వర్ణించండి.

అభ్యాసం: మూడో వ్యక్తి జవాబులు 2, 1, 2, 1. తిప్పని సగటు, తిప్పిన సగటు, మొదటి రెండు వాక్యాల సగటు కట్టి, రెండో వ్యక్తి అంకెల పక్కన పెట్టండి. వచ్చే పాఠాన్ని అక్కడినుంచే మొదలుపెడదాం.