పెద్దవారి రక్త పరీక్ష రిపోర్టును పాత రిపోర్టులతో కలిపి చదవడం ఎలా

ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవారి రిపోర్టులో ఒక అంకె పక్కన 'హెచ్' (మామూలు హద్దు కంటే ఎక్కువ) అనో 'ఎల్' (తక్కువ) అనో కనిపించగానే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. చాలా పరీక్షలకు ఆ హద్దులను ఆరోగ్యవంతులలో మధ్యనున్న 95 శాతం మంది ఫలితాలను బట్టి నిర్ణయిస్తారు కనుక, ఏ జబ్బూ లేనివారిలోనూ 20 మందిలో ఒకరు హద్దుకు బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏదో ఒకటి హద్దు దాటే అవకాశం సుమారు 64 శాతం.

అందుచేత ముందుగా పాత రిపోర్టులన్నీ తీసి, ముఖ్యమైన అంకెలను తేదీల వారీగా ఒక పుస్తకంలో రాసుకోండి. ఆనాడు పరగడుపున ఇచ్చారా, జ్వరం వంటిదేమైనా ఉందా అన్నదీ రాయండి. వీలైనంతవరకు ఒకే ల్యాబులో, ఉదయం పూట, పదిహేను నిమిషాలు కూర్చున్న తరువాతే రక్తం ఇప్పించండి. పిడికిలి పదేపదే బిగిస్తే పొటాషియం, ముందురోజు రాత్రి మాంసం తింటే క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి, మూత్రపిండాలు బయటకు పంపే వ్యర్థం) ఎక్కువగా కనిపించవచ్చు. జుట్టు కోసం బయోటిన్ (ఒక రకం విటమిన్) మాత్రలు వాడుతుంటే థైరాయిడ్ ఫలితాలు తారుమారు కావచ్చు కాబట్టి ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక పోల్చడం. నిరుడు 0.9 ఉన్న క్రియాటినిన్ ఈసారి 1.0 వస్తే అది రోజువారీ హెచ్చుతగ్గే కావచ్చు. అదే 0.8 నుంచి 1.2కు చేరితే, రిపోర్టులో హద్దు 1.3 అని ఉండి ఏ గుర్తూ పడకపోయినా, సగానికి సగం పెరిగినట్లే. దానిని డాక్టరుకు చూపించాలి. వయసుతో కండ తగ్గుతుంది కాబట్టి, మూత్రపిండాల పని మందగించినా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు; మూత్రపిండాలు ఎంత బాగా వడపోస్తున్నాయో అంచనాగా చెప్పే ఈ.జీ.ఎఫ్.ఆర్. అంకెనూ పక్కన పెట్టుకుని చూడండి. రక్తంలోని ఒక రకం కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లు మాత్రం రోజురోజుకూ బాగా మారతాయి.

ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు వంటివి ఉన్నాయేమో సూచించే ఈ.ఎస్.ఆర్. వయసుతో పాటు పెరుగుతుంది. పురుషులకు వయసులో సగం, స్త్రీలకు వయసుకు పది కలిపి అందులో సగం పై హద్దుగా తీసుకునే మోటు లెక్క ఒకటుంది. ఆ ప్రకారం 70 ఏళ్ల స్త్రీకి 40.

హిమోగ్లోబిన్ విషయంలో ఇంత ఉదారత పనికిరాదు. పురుషులకు 13, స్త్రీలకు 12 గ్రాముల కంటే తగ్గితే 'వయసు పైబడింది కదా' అని వదిలేయకుండా, ఐరన్, బి12 లోపమో, కడుపులో రక్తస్రావమో, మూత్రపిండాల సమస్యో ఉందేమో చూపించి తీరాలి.