ఇంట్లో కట్టిన వాల్వు యాంప్లిఫయర్ మొరాయిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

యాంప్లిఫయర్ పలకడం లేదనగానే చాలామంది కొత్త వాల్వు (గాజు బుడ్డి లాంటి వాక్యూమ్ ట్యూబు) కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బయల్దేరతారు. ఆగండి. అనంతపురం నుంచి పోయి తెచ్చుకుంటే డబ్బూ పోతుంది, పనీ చెడుతుంది, తీరా పెట్టి చూస్తే అదే గోల, ఎందుకంటే తప్పు వాల్వుది కాదు, దాని పక్కనున్న రెసిస్టరుదో కండెన్సరుదో. మామూలు డిజిటల్ మల్టీమీటరుతో నాలుగైదు చోట్ల వోల్టేజీ చూస్తే తప్పు ఎక్కడుందో దాదాపుగా దొరికిపోతుంది.

మనవాళ్లు మొదట కట్టేది ఎక్కువగా సిగ్నల్‌ను మొదట పెంచే ఒక ఈసీసీ83 వాల్వు, దాని వెనక స్పీకరును నడిపే ఒక ఈఎల్84 వాల్వు ఉండే చిన్న యాంప్లిఫయర్ కాబట్టి దాన్నే పట్టుకుని చెప్తాను.

ముందు ప్రాణం సంగతి. ఇందులో హెచ్‌టీ, అంటే వాల్వులకు వెళ్లే హై టెన్షన్ సప్లై, 250 నుంచి 350 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో (డీసీని నునుపు చేసేవి) చార్జి అలాగే నిలిచి ఉండొచ్చు. ఒక 1 కిలో ఓమ్, 10 వాట్ల రెసిస్టరుకు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు కట్టి పెట్టుకోండి. ప్లగ్గు పీకాక ఒక క్లిప్పు చాసిస్‌కు (యాంప్లిఫయర్ లోహపు డబ్బాకు), రెండోది హెచ్‌టీకి తగిలించి కొన్ని సెకన్లు ఉంచండి, ఒక్కో ఫిల్టర్ కండెన్సరు దగ్గరా ఇలాగే చేసి, మీటరులో సున్నాకు వచ్చిందని చూశాకే లోపల చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించే అలవాటు మాత్రం వద్దు, కండెన్సరు పాడవుతుంది, కరిగిన లోహం కళ్లలో పడుతుంది. ఆన్‌లో ఉండగా కొలవాలంటే నల్ల ప్రోబును క్లిప్పుతో చాసిస్‌కు బిగించేసి ఎర్ర ప్రోబు ఒక్క చేత్తోనే పట్టుకోండి, రెండో చెయ్యి జేబులో ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి, ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి.

ఇంకొకటి, స్పీకరు లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి. స్పీకరు పాడవుతుందని భయమైతే 8 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టరు పెట్టండి. లోడు లేకుండా సిగ్నల్ ఇస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (వాల్వు వైపు చుట్టలో) వోల్టేజీ విపరీతంగా లేచి లోపల ఇన్సులేషన్ కాలిపోతుంది, తిరిగి చుట్టించుకోవడం తప్ప దారి లేదు.

ఫ్యూజు కొడుతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి, సీరీస్ బల్బు పెట్టండి, అంటే మెయిన్స్ వైరులో యాంప్లిఫయర్‌కు ముందు వరుసగా ఒక బల్బు. 60 లేదా 100 వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. ఆన్ చేయగానే బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. అలాగే ధగధగా వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్. అప్పుడు ప్లగ్గు పీకి ఆ రెండు వాల్వులూ తీసి చూడండి, అయినా వెలిగితే రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చేది) కూడా విడదీసి చూడండి. అదీ తీసేశాక కూడా బల్బు తగ్గలేదంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరో, హీటర్ (వాల్వును వేడిచేసే ఫిలమెంటు) వైరింగో. రెక్టిఫయరు విడదీయగానే తగ్గితే మాత్రం దాన్నీ ఫిల్టర్ కండెన్సర్లనూ అనుమానించండి. ఈ బల్బు ఉన్నంతసేపు వోల్టేజీలు తక్కువే చూపిస్తాయి కాబట్టి షార్ట్ లేదని తేలాక బల్బు తీసేసి కొలవండి.

ఇప్పుడు అసలు కొలత. నన్నడిగితే మొదట చూడాల్సింది ఈఎల్84 మూడో పిన్ను, అంటే ఎలక్ట్రాన్లు బయల్దేరే క్యాథోడు. ఈ ఒక్క రీడింగు చెప్పినన్ని విషయాలు ఇంకేదీ చెప్పదు. క్యాథోడు రెసిస్టరు 150 ఓమ్‌లనుకోండి, అక్కడ 8 వోల్టులు ఉంటే వాల్వు గుండా సుమారు 53 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు. అందులో ఓ 5 స్క్రీన్‌ది (ప్లేటుకు ముందుండే రెండో గ్రిడ్), మిగతా 48 ప్లేటుది (ఎలక్ట్రాన్లు చేరే లోహపు రేకు). ప్లేటుకు, క్యాథోడుకు మధ్య 250 వోల్టులుంటే 12 వాట్లు, ఈ వాల్వు ప్లేటు హద్దు సరిగ్గా అంతే. అదే 12 వోల్టులు చూపిస్తే 80 మిల్లీ ఆంపియర్లు, కాసేపట్లో ప్లేటు ఎర్రబడుతుంది, వెంటనే ఆఫ్ చేయాలి.

అలా ఎక్కువ ఉంటే రెండో పిన్ను, అంటే సిగ్నల్ వచ్చే గ్రిడ్, చూడండి. అక్కడ డీసీ దాదాపు సున్నా ఉండాలి. రెండు మూడు వోల్టులు ప్లస్ కనిపిస్తే ఆఫ్ చేసి ఈఎల్84 తీసి మళ్లీ కొలవండి (వాల్వు లేనప్పుడు హెచ్‌టీ పెరుగుతుంది, ఎక్కువసేపు ఉంచొద్దు). అప్పటికీ ప్లస్ ఉంటే కప్లింగ్ కండెన్సరు (ఈసీసీ83 నుంచి సిగ్నల్‌ను ఈ గ్రిడ్‌కు తెచ్చేది) లీకవుతోంది, 630 వోల్టుల కొత్తది వేస్తే సరి. వాల్వు తీయగానే సున్నా అయితే తప్పు వాల్వుదే, ఇప్పుడు పోండి ఎస్పీ రోడ్డుకు.

క్యాథోడులో సున్నా వచ్చి ప్లేటు ఎర్రబడితే క్యాథోడు రెసిస్టరుకు అడ్డంగా ఉండే బైపాస్ కండెన్సరు షార్టయింది. ఇరవై వోల్టులు దాటి శబ్దం లేకపోతే క్యాథోడు రెసిస్టరు ఓపెన్. ఇక ఏడో పిన్నులో, అంటే ప్లేటులో వోల్టేజీ లేకుండా తొమ్మిదో పిన్ను స్క్రీన్‌లో నిండుగా ఉంటే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగిందని అర్థం, స్క్రీన్ కాలిపోకముందే ఆపేయండి.

ఈసీసీ83 దగ్గర పెద్ద చిక్కులుండవు. 100 కిలో ఓమ్‌ల ప్లేటు రెసిస్టరుతో 150 వోల్టులకు అటూఇటూ, క్యాథోడులో 1 నుంచి 2 వోల్టులు ఉంటే బాగున్నట్టే. 6.3 వోల్టుల హీటరుకైతే 4, 5 పిన్నులు కలిపి ఒక వైరు, 9కి ఇంకో వైరు రావాలి. వాల్వు మరీ మసకగా వెలుగుతుంటే ఇది ఒకసారి చూసుకోండి.

హమ్, అంటే ఎడతెగని మోత, వస్తే ఆఫ్ చేసి ఈసీసీ83 తీసి, మళ్లీ ఆన్ చేసి వినండి. హమ్ పోతే ఇన్‌పుట్ వైపు, హీటర్ వైరింగ్, గ్రౌండు చూడండి. పోకపోతే ఫిల్టర్ కండెన్సర్లు. గుయ్యిమని లోతుగా ఉంటే 50 హెర్ట్జ్, కాస్త గరుగ్గా ఉంటే 100 హెర్ట్జ్, అంటే రెక్టిఫయరు తర్వాతి ఫిల్టరింగ్ చాలట్లేదు. హీటరు వైండింగుకు సెంటర్ ట్యాప్ (మధ్యలోంచి తీసిన వైరు) లేకపోతే రెండు వైర్ల నుంచి చెరో 100 ఓమ్ చాసిస్‌కు వేయండి. పాట వినిపించే ఫోను చార్జింగులో ఉంటే అది కూడా పీకి చూడండి. హమ్ తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు తీసేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. మన సీమ ఎండలకు ఎర్తు గుంత ఎండిపోయి అసలే పనిచేయకపోవచ్చు, వేసవిలో అప్పుడప్పుడూ నీళ్లు పోయండి.

ఉండుండి శబ్దం పోతుంటే ఎండిన వెదురు పుల్లతో ఒక్కో జాయింటునూ మెల్లగా తట్టండి, ఎక్కడ గరగరమంటే అక్కడ మళ్లీ సోల్డర్ చేయండి. ఆన్ చేయగానే కీచుమని అరిస్తే ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్ నుంచి వెనక్కి ఇచ్చే సిగ్నల్) తిరగబడింది, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటుదిటు మార్చండి.

చివరగా మన కరెంటు. పగలు బోరు మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది, రాత్రి లోడు తగ్గాక 245 దాకా లేవచ్చు. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరైతే 6.3 ఉండాల్సిన హీటరు 7 వోల్టులు చూపిస్తుంది, పదిశాతం హద్దు దాటినట్టే, హెచ్‌టీ కూడా దానితోపాటే లేస్తుంది. అందుకే పగలు బాగా పలికి రాత్రి ప్లేటు ఎర్రబడే యాంప్లిఫయర్లో మొదట గోడ సాకెట్టును కొలవండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడే ప్రైమరీకి 240 ట్యాప్ కూడా వేయమనండి, ఫిల్టర్ కండెన్సర్లు 105 డిగ్రీలవి అడిగి తీసుకోండి.