గేర్‌బాక్స్‌కు కొత్త ఆయిల్ పంపు వేసినా ఆటోమేటిక్ బండి కదలట్లేదా? ముందు కన్వర్టర్ కూర్చుందో లేదో చూడండి

ఇది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిరుగుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న గేర్‌బాక్సులకే. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు వాటంతటవే మారేవి) బండ్లలో కన్వర్టరే ఉండదు, వాటి సంగతి వేరు.

సమస్య: డీలో వేసినా ఆర్‌లో వేసినా కదలదు, లేదా ఆగి ఆగి పట్టుకుంటుంది. రేస్ చేసేకొద్దీ కీచుమనే మోత పెరుగుతుంది, పీలోనూ ఎన్‌లోనూ అదే మోత

గేర్‌బాక్స్ దించకముందు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మట్టం చూడండి. దయచేసి చూడండి. చాలా బండ్లలో ఆయిల్ వేడెక్కాక, చదునైన నేల మీద, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. అలాంటి బండిలో ఇంజన్ ఆపి చూస్తే మట్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. డిప్‌స్టిక్ లేకపోతే మాన్యువల్ చెప్పిన వేడి దగ్గర ఓవర్‌ఫ్లో ప్లగ్ తీసి చూడాలి.

ఆయిల్‌లో నురుగుందంటే పంపు గాలి పీలుస్తుండొచ్చు. పాన్ విప్పి ఫిల్టర్ మెడ దగ్గరి ఓ-రింగ్ చూడండి. గతంలో ఫిల్టర్ మార్చినవాళ్లు పాత రింగును రంధ్రంలోనే వదిలేసి ఉంటే కొత్త ఫిల్టర్ సరిగా కూర్చోదు. ఇది వందల రూపాయల్లో పోయే పని.

ఆ రెండూ బాగుంటే లైన్ ప్రెషర్ (పంపు ఇచ్చే ఆయిల్ ఒత్తిడి) గేజ్ పెట్టండి. అన్ని పొజిషన్లలోనూ తక్కువ చూపిస్తే పంపు మీదో, రెగ్యులేటర్ వాల్వ్ మీదో అనుమానం. ఒక్క పొజిషన్‌లోనే తక్కువైతే పంపు జోలికి పోకండి, ఆ పొజిషన్ క్లచ్‌కు ఆయిల్ వెళ్లే దారిలో లీకుంది.

పంపు విప్పాక గేర్ల సందులు ఫీలర్ గేజ్‌తో కొలవాలి, కంటికి నున్నగా కనిపిస్తే చాలదు. టొయోటా ఏ340నే తీసుకుంటే గేరు ముఖానికీ బాడీ అంచుకూ మధ్య 0.02–0.05 మి.మీ. ఉండాలి. 0.1 దాటితే మార్చాల్సిందే.

సమస్య: కొత్త పంపు వేశాక మొదటి స్టార్టుకే గట్టి మోత, బండి మాత్రం కదలదు

పంపు నాసిరకమని షాపువాడితో గొడవకు దిగేముందు ఇది చదవండి. చాలా గేర్‌బాక్సుల్లో కన్వర్టర్ మూడు చోట్ల కలవాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, స్టేటర్ షాఫ్ట్ పళ్లు, చివరగా పంపు లోపలి గేరు చెవులు. మొదటి రెండూ కలిసినప్పుడు టక్‌మని వినిపిస్తుంది, అయిపోయిందనుకుంటారు. మూడోది కలవలేదని అప్పటికి తెలియదు. గేర్‌బాక్స్ పైకెత్తుతారు, బెల్ హౌసింగ్ (కన్వర్టర్ చుట్టూ ఉండే గేర్‌బాక్స్ ముందు భాగం) ఇంజన్‌కు ఆనదు, కాస్త సందు మిగులుతుంది. ఆ సందును బోల్టులతో లాగి మూసేస్తారు. పంపు చచ్చేది అక్కడే. కన్వర్టర్ హబ్ (పంపులోకి దూరే మెడ) వెళ్లి గేరు చెవుల మీద నొక్కుకుంటుంది. చెవులు విరుగుతాయి, లేదా పంపు బాడీ చిట్లుతుంది. ఆ ఒత్తిడి ఇంజన్ క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ దాకా పోతుంది.

కన్వర్టర్‌లో లీటరు దాకా ఏటీఎఫ్ పోసి, హబ్‌కూ సీల్‌కూ కాస్త రాయండి. గేర్‌బాక్స్ ముఖం పైకి ఉండేలా పెట్టి, కన్వర్టర్‌ను రెండు వైపులా తిప్పుతూ లోపలికి నొక్కండి. తర్వాత బెల్ హౌసింగ్ అంచు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, కన్వర్టర్ బోల్టు చెవుల దాకా లోతు కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి. విప్పేటప్పుడే పాత లోతు రాసిపెట్టుకుంటే ఇంకా మేలు. ఎత్తేటప్పుడు ముక్కు కిందికి వాలితే కన్వర్టర్ జారి బయటికొస్తుంది, అందుకే పట్టీ కట్టండి.

బెల్ హౌసింగ్ చేత్తో నెడితేనే ఇంజన్‌కు ఆనాలి. ఆనకపోతే దించి మళ్లీ మొదలుపెట్టండి. ఆనాక కన్వర్టర్ చేత్తో తిప్పితే తిరగాలి, దానికీ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ (కన్వర్టర్‌ను బిగించే ఇంజన్ వైపు పళ్లెం) మధ్య మామూలుగా 3 మి.మీ. వరకు ఖాళీ ఉంటుంది. ఖాళీ అసలు లేకపోతే స్టార్ట్ చేయొద్దు.

సమస్య: కొన్నాళ్లకే ముందు సీల్ కారడం, పంపు బుష్ అరిగిపోవడం

డోవెల్ పిన్నులు (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ పొంతన కుదిర్చేవి) రెండూ ఉన్నాయా? ఒకటి లేకపోయినా గేర్‌బాక్స్ పక్కకు కూర్చుంటుంది. హబ్ మీద గోరుకు తగిలే గాడి ఉంటే కన్వర్టర్ కూడా మార్చండి.

పగిలిన ఫ్లెక్స్‌ప్లేట్, ఇరుక్కున్న రెగ్యులేటర్ వాల్వ్ అరుదు. పైవన్నీ చూశాకే వాటి దగ్గరికి రండి.

పాత పంపు ముక్కలైతే ఆ ఇనుప రజను కూలర్‌లోనే ఉంటుంది. ఫ్లష్ చేయండి, రజను ఎక్కువుంటే కూలరే మార్చండి. తర్వాత రిటర్న్ గొట్టం డబ్బాలో పెట్టి, ఎన్‌లో ఐడిల్ మీద నడపండి. 20 సెకన్లలో లీటరు దాకా రావాలి. సన్నగా వస్తే కూలర్ ఇంకా మూసుకునే ఉంది.